ఎనభై తొమ్మిదికి తగ్గని డ్రీకా అత్త

డ్రీకా అత్తకి కొలత పిచ్చి. కొంతమందికి నశ్యం పీల్చనిదే పొద్దు గడవదు. కొంతమందికి పక్కింటి గొడవ వినందే తిండి సయించదు. డ్రీకా అత్తకి ఏదో ఒకటి కొలవందే ఊపిరాడదు. రూయిక్లిప్ ఊళ్ళోకి రొట్టె వచ్చినా, రోడ్డు రోలరు వచ్చినా, పాస్టరు గారు వచ్చినా, ముందు ఆవిడ గేజికి హాజరు వేయించుకోవాల్సిందే.

ఆ గేజి ఇత్తడిది. పెద్ద గొళ్ళెంలా రెండు కొమ్ములు, కొమ్ముల మధ్య సందు సరిగ్గా ఎనభై తొమ్మిది మిల్లీమీటర్లు. ఎంత తక్కువైందో, ఎంత మించిందో చెప్పడానికి, కొమ్ములు దాటి సాగిన అడ్డపట్టీ మీద సన్నటి గీతలు. తాడు కట్టి మెళ్ళో వేసుకునేది. స్నానానికి వెళ్ళినా తీసేది కాదు. మొగుడు పోయినప్పుడు ఉంగరమైనా తీసి డబ్బాలో పెట్టింది గానీ గేజి జోలికి పోలేదు.

రొయ్యల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఏరే బల్ల దగ్గర నిలబడ్డ మనిషి ఆవిడ. పడవల మీంచి దిగిన రాళ్ళ రొయ్య ముళ్ళ వీపుతో, మూరెడు మీసాలతో గిలగిల కొట్టుకుంటూ ఉండగానే ఎడం చేత్తో పట్టుకోవడం, కుడి చేత్తో వీపుచిప్పకి గేజి ఆనించడం. సందులో ఇరుక్కుంటే గంపలోకి. జారిపోతే వెనకున్న గొట్టంలోంచి మళ్ళీ సముద్రంలోకి. "చిన్నది, ఇంకా పెరగాలి, పో." రోజుకి మూడు వేల సార్లు అదే పని, అదే మాట. రొయ్యలు తగ్గిపోయి ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున మేనేజరు అందరికీ తలో గోడ గడియారం పంచుతుంటే డ్రీకా అత్త తనది తిరిగిచ్చేసింది.

"గడియారం ఏం చేసుకోను బాబూ. పొద్దెక్కితే నాకే తెలుస్తుంది. గేజి ఇప్పించండి."

ఇప్పించారు. ఫ్యాక్టరీ ఆగింది గానీ ఆవిడ చెయ్యి ఆగలేదు.

ముందు దొరికినవాడు రొట్టెల కొట్టు సాంపీ. పొద్దున్నే కొట్టు తెరవగానే వచ్చి, రొట్టెని నిలువునా గేజిలో పెట్టేది.

"ఎనభై ఆరు. చిన్నది. ఇంకా పొంగాలి, లోపల పెట్టు."

"కాలిన రొట్టె మళ్ళీ ఎలా పొంగుతుంది అత్తా?"

"అది పిండి పిసికేటప్పుడు ఆలోచించుకోవాలి."

సాంపీ నెల రోజులు వాదించాడు. తరవాత ఆవిడతో వాదించడం కన్నా పిండి ఎక్కువ వెయ్యడమే సులువని తేల్చుకుని ఎత్తైన డబ్బాలు చేయించుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ తీరం మొత్తం మీద రూయిక్లిప్ రొట్టెంత ఎత్తు రొట్టె లేదని పేరొచ్చింది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. సాంపీ మటుకు ఆ మాట డ్రీకా అత్త చెవిన పడకుండా చాలా జాగ్రత్తపడ్డాడు.

ఫిలాండర్ పాస్టరు గారు కొత్తగా వచ్చిన ఆదివారం, ఆయన బైబిలు మందం కొలిచింది. ఇరుక్కుంది. "పుస్తకం సరిపోయింది" అని మొదటి బెంచీలో కూర్చుంది. పాస్టరు గారు ఉత్సాహంగా గంటన్నర ప్రసంగించారు. గంట దాటిన దగ్గర్నుంచి డ్రీకా అత్త గేజిని గాల్లోకి ఎత్తి పట్టుకునే ఉంది. ప్రార్థన అయ్యాక ఆయన దిగొచ్చి నెమ్మదిగా అడిగారు.

"మీ లెక్క ప్రకారం చిన్నవే కదమ్మా వెనక్కి వెయ్యాలి. పెద్దవాటితో ఇబ్బందేముంది?"

"పెద్దవాటిని వండుకుని తినేస్తాం పాస్టరు గారూ."

ఆ తరవాత ఆయన ప్రసంగం ఎప్పుడూ ఇరవై నిమిషాలు దాటలేదు.

కుర్ర జాలరి నొల్లీకి ఇవన్నీ తమాషాగానే ఉండేవి. అతను డ్రీకా అత్త కూతురు హెస్టర్‌ని ప్రేమించేదాకా.

చర్చి చొక్కా తొడుక్కుని, ఎండుచేపల కట్ట ఒకటి చేత పట్టుకుని పిల్లనడగడానికి వెళ్ళాడు. పడవ ఎవరిది, తాగుడుందా, ఇల్లు కారుతుందా అని అడుగుతుందనుకుని అన్నిటికీ జవాబులు బట్టీపట్టాడు. డ్రీకా అత్త ఏమీ అడగలేదు. అతని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, కనుబొమల నుంచి జుట్టు మొదలు దాకా నుదుటికి గేజి ఆనించింది.

"డెబ్బై నాలుగు. చిన్నది. ఇంకా పెరగాలి, పో."

"అత్తా, నాకు ఇరవై ఆరేళ్ళు. ఇంక పెరగను."

"అది నీకూ దేవుడికీ మధ్య సంగతి."

రెండేళ్ళు గడిచాయి. ఉప్పుగాలి ఒక పక్క, పెళ్ళి దిగులు ఒక పక్క. నొల్లీ జుట్టు ఆటుకి నీళ్ళు తీసినట్టు వెనక్కి వెనక్కి పోయింది. మళ్ళీ అదే చొక్కా, అదే రకం ఎండుచేపలు. గేజి నుదుటి మీద కూర్చుంది. కదిపి చూసింది. కదల్లేదు.

"ఎనభై తొమ్మిది. ఇరుక్కుంది."

హెస్టర్ వంటింట్లోంచి తొంగి చూసింది. "అమ్మా, అది పెరగడం కాదు. జుట్టు ఊడిపోవడం."

"ఏదైతేనేం, కొలతకొచ్చాడు. పాస్టరు గారికి కబురు పెట్టు."

అలా నొల్లీ అల్లుడయ్యాడు. అసలు కష్టాలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి. ఎందుకంటే నొల్లీకి ఉన్నదల్లా ఒక చిన్న పడవ, నాలుగు బోన్లు, రాళ్ళ రొయ్యలు పట్టుకునే పర్మిట్టు.

అప్పటికే చట్టం మారిపోయింది. సముద్రంలో పట్టేవాళ్ళు ఎక్కువై, పెద్దవన్నీ ప్లేట్లలోకి పోయి, మిగిలినవి సరిగ్గా ఎదగడం మానేశాయి. ఎనభై తొమ్మిది వచ్చే రొయ్య దొరకడమే గగనమైపోతే, ప్రభుత్వం ఆలోచించి ఆలోచించి కొలతనే కిందికి దించింది. డెబ్బై అయిదుంటే చాలంది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. డ్రీకా అత్త ఒక్కతే ఒప్పుకోలేదు.

"పిల్లకాయలు పరీక్ష తప్పుతున్నారని పాసు మార్కులు తగ్గించారట. ఇదెక్కడి చదువు?"

పొద్దున్నే పడవలు దిగే రేవు దగ్గర గేజితో నిలబడేది. నొల్లీ గంప దించగానే తన పని మొదలుపెట్టేది. ఒకటి గంపలోకి, ఒకటి నీళ్ళలోకి, ఒకటి గంపలోకి, రెండు నీళ్ళలోకి.

"అత్తా, అది ఎనభై ఒకటి. చట్టం ఒప్పుకుంది."

"చట్టం గుడ్లు పెడుతుందా అల్లుడూ? ఇది పెడుతుంది. ఇంకో రెండేళ్ళు ఆగితే కడుపు కింద లక్ష గుడ్లు మోస్తుంది. ఆ లక్షలో నీ కొడుక్కి పది మిగిలితే చాలు."

"నాకింకా కొడుకే పుట్టలేదు."

"వాడూ పెరగాలి కదా మరి. తొందరేముంది."

ఆవిడకి ఏ అధికారమూ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అధికారం ఉన్న మనిషైతే పై అధికారికి ఫిర్యాదు చెయ్యొచ్చు. లేని మనిషి మీద ఎవరికి చెప్పుకుంటాం? జాలర్లు ఆవిడ కళ్ళుగప్పాలని చూశారు. అఖాతానికి అవతలి కొసన పడవలు దించారు. సైకిలేసుకుని వాళ్ళకన్నా ముందే అక్కడ కూర్చుంది. నాచు కుప్పల కింద దాచారు. నాచు ఎత్తి చూసింది. చివరికి ఒకరోజు నొల్లీ తెగించి, డెబ్బై తొమ్మిది ఉన్న మంచి బలమైన రొయ్యని తన రబ్బరు బూటులో దాచుకుని రేవెక్కాడు. అది తోక కొట్టడం మొదలుపెట్టింది. నొల్లీ ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టాడు.

"ఏమైంది అల్లుడూ, కాలు నిలవట్లేదు?"

"తిమ్మిరెక్కింది అత్తా."

డ్రీకా అత్త వంగి అతని మోకాలి దగ్గరికి చూసింది.

"తిమ్మిరికి మీసాలొచ్చాయే."

ఆ మాట పట్టుకుని ఊరు ఆరు నెలలు బతికింది. నొల్లీ ఎక్కడికెళ్ళినా "తిమ్మిరి ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు. ఆ మంటలో అతను అత్తగారితో మూడు వారాలు మాట్లాడలేదు. ఆవిడ ఆ సంగతి గమనించినట్టే లేదు. రోజూ గంప కొలుస్తూనే ఉంది.

ఆ ఏడు మార్చి నెలలో గాలి చచ్చిపోయింది. పదిహేను రోజులు సముద్రం మీద ఒక్క ముడత లేదు. నీళ్ళు ముందు గోధుమరంగుకి, తరవాత తుప్పురంగుకి తిరిగాయి. కంటికి ఆననంత సన్నటి నాచు పొంగి, చచ్చి, కుళ్ళి, నీళ్ళలో ఊపిరనేది లేకుండా చేసే రోజులవి. ఎర్రనీళ్ళు అంటారు. ఆలిచిప్పలు తినొద్దని చర్చి తలుపుకి కాగితం అంటించారు. ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, డెబ్బై ఏళ్ళ అపీ తాత, ఒడ్డున నిలబడి ముక్కు మూసుకుని అన్నాడు. "కింద వాటికి గొంతు పట్టేసుంటుంది. పైకొస్తాయి చూడు."

మర్నాడు తెల్లారాక ఆటు పూర్తిగా తీసే వేళకి నొల్లీ రేవుకి వెళ్ళాడు. రాళ్ళకి మీసాలు మొలిచాయి. కళ్ళు నులుముకుని చూశాడు. మీసాలు కాదు, మొత్తం ఒడ్డే కదులుతోంది. రాళ్ళ రొయ్యలు నీళ్ళు వదిలేసి ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి నడిచొచ్చేస్తున్నాయి. వేలు కాదు, లక్షలు. జీవితంలో అతను పట్టినవన్నీ కలిపినా ఆ ఒక్క మలుపులో ఉన్నన్ని లేవు.

అరగంటలో ఊరంతా ఒడ్డున ఉంది. ఇంకో అరగంటలో లోపలి ఊళ్ళనుంచి బళ్ళు రావడం మొదలైంది. చేపల శాఖ ఆఫీసరు మావెలా ఇద్దరు మనుషులతో, ఒక మైకుతో వచ్చాడు. కుర్రాడు. గొంతు అప్పటికే పోయింది.

"ఎవరూ ఒక్కటి కూడా తీసుకెళ్ళకూడదు. బతికున్నవాటిని లారీల్లో దక్షిణానికి తీసుకెళ్ళి ఎరుపెక్కని నీళ్ళలో వదుల్తాం. లారీలు వచ్చేదాకా తడి ఆరిపోకుండా చూడండి. మేము ముగ్గురమే ఉన్నాం, మీరే సాయం చెయ్యాలి."

ఎవరూ కదల్లేదు. ఆ సీజనంతా అంతంతమాత్రంగానే సాగింది. కాళ్ళ ముందు ఏడాది సంపాదన నడుస్తోంది. అప్పుడు డ్రీకా అత్త సైకిలు దిగింది. జనం దారిచ్చారు. నొల్లీ మనసులో లెక్కవేశాడు. ఈవిడ వీటన్నిటినీ కొలవడం మొదలుపెడితే క్రిస్మస్ దాకా ఇక్కడే నిలబడాలి.

డ్రీకా అత్త ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒడ్డుని చూసింది. మెళ్ళో గేజిని పట్టుకుంది. పట్టుకుని జాకెట్టు లోపలికి తోసేసింది.

"ఇవాళ కొలత లేదు. అన్నీ చిన్నవే. అన్నీ వెనక్కే."

ఆవిడ నోట ఆ మాట విన్నాక ఇంక నిలబడే ధైర్యం ఎవరికుంటుంది. ఇళ్ళకి పరిగెత్తారు. తడి గోనెలొచ్చాయి, దుప్పట్లొచ్చాయి, హెస్టర్ పెళ్ళి టేబుల్ గుడ్డ వచ్చింది. సాంపీ రొట్టెల ట్రేలు తెచ్చాడు. పిల్లల తోపుడు బళ్ళలో కవలల్లా రెండేసి చొప్పున రొయ్యలు కూర్చున్నాయి. పాస్టరు గారు బాప్తిస్మం తొట్టి దొర్లించుకుంటూ వచ్చి, నూట అరవై రొయ్యల్ని అందులో ముంచారు. వడ్రంగి దగ్గర అమ్ముడుపోని శవపెట్టె ఒకటుంటే అదీ నింపారు. దాన్ని నలుగురు మోసుకుపోతుంటే లోపల్నుంచి టకటకా చప్పుడు. అపీ తాత టోపీ తీసి దణ్ణం పెట్టాడు. "లోపలున్నవాళ్ళు చప్పుడు చేస్తుండగా మొయ్యడం ఇదే మొదటిసారి చూడ్డం."

ఈ హడావుడిలో తెల్లటి పికప్ బండివాడొకడు, లావుపాటి మనిషి, రాళ్ళ వెనక చేరి గోనెలు నింపుకుంటున్నాడు. అప్పటికే ఏడు గోనెలు బండెక్కాయి. ఆఫీసరు అవతలి కొసన ఉన్నాడు. నొల్లీ వెళ్ళి వద్దంటే, "నీ అబ్బ సముద్రమా" అన్నాడు. డ్రీకా అత్త వచ్చింది. జాకెట్టులోంచి గేజి తీసి ఆ మనిషి ముక్కుకి పెట్టింది.

"యాభై మూడు."

"ఏంటిది? ఎవరీవిడ?"

"చెవి, అరవై ఎనిమిది. బొటనవేలు, అరవై నాలుగు. నోరు తెరు బాబూ. అరవై. ఒక్కటీ కొలతకి రాలేదు." గేజి దించి వెనక్కి తిరిగింది. "నొల్లీ, ఇతను చిన్నవాడు. ఇంకా పెరగాలి. నీళ్ళలో వేసెయ్యండి."

నొల్లీ, సాంపీ, వడ్రంగి, ముగ్గురూ చేతులు తుడుచుకుని చాలా మామూలుగా అతని వైపు నడిచారు. ఆ నడకలో తమాషా ఏ కోశానా కనపడలేదు. లావుపాటి మనిషి తుప్పురంగు నీళ్ళు చూశాడు, ఆవిడ ముఖం చూశాడు, గోనెలు దించేసి బండెక్కాడు. దారిలో ఎదురొచ్చిన బళ్ళవాళ్ళందరికీ ఏం చెప్పాడో తెలీదు గానీ, మధ్యాహ్నం నుంచి రూయిక్లిప్ రోడ్డు మీద ఒక్క బండి రాలేదు.

సాయంత్రానికి పద్నాలుగు లారీలు నిండి వెళ్ళాయి. అందినవి వెళ్ళాయి, అందనివి అక్కడే పోయాయి. సగానికి సగం పోయాయి. ఆ కంపు నెల్లాళ్ళు ఊరిని వదల్లేదు. డ్రీకా అత్త రేవు మెట్టు మీద కూర్చుని, మీసాలు కదలని ఒక పెద్ద రొయ్యని ఒళ్ళో పెట్టుకుని గేజి ఆనించింది. "తొంభై నాలుగు" అంది, ఎవరితోనూ కాకుండా. నొల్లీ పక్కనే కూర్చున్నాడు. మూడు వారాల తరవాత మళ్ళీ ఆవిడతో మాట్లాడింది అప్పుడే. "ఇంటికి పోదాం అత్తా."

మిగిలినవి కోలుకోవాలని ఆ ఏడాదంతా అఖాతంలో బోన్లు దించొద్దన్నారు. ఎర్రనీళ్ళకి చేపలూ దూరంగా పోయాయి. సాయం పంపిస్తామని కాగితాలు పూర్తి చేయించుకుని వెళ్ళారు. కాగితాలు వెళ్ళాయి, సాయం ఎక్కడో దారి తప్పింది. పడవలు బోర్లా పడుకున్నాయి. రూయిక్లిప్ జనానికి ఒక రోగముంది. ఆకలేస్తే తలుపు మూసుకుంటారు గానీ ఆకలేస్తోందని చెప్పరు.

సరిగ్గా అప్పుడే డ్రీకా అత్త పిచ్చి ముదిరింది. కొలవడానికి రేవులో ఏమీ లేకపోయేసరికి, ఇంటింటికీ తిరిగి మనుషుల దండ చెయ్యి కొలవడం మొదలుపెట్టింది. మొదట అపీ తాత గుమ్మంలోకి వెళ్ళింది.

"చొక్కా చెయ్యి పైకి మడువు."

"ఎందుకు?"

"మడువు."

మడిచాడు. గేజి మోచేతి పైనుంచి భుజం దాకా ఎక్కడా తగలకుండా జారిపోయింది.

"డెబ్బై ఎనిమిది. చిన్నది. వెనక్కి."

"వెనక్కంటే ఎక్కడికి? నేను పుట్టిందే ఈ ఇంట్లో."

"మా వంటింటికి. రోజూ పన్నెండింటికి. కొలతకి రానివి పెరిగేదాకా బయట తిరగకూడదు. ఫ్యాక్టరీ రూలు."

"నేనెవరింట్లోనూ ఊరికే తినను డ్రీకా. నీకు తెలుసు."

"తినమని ఎవరన్నారు? పెరగమన్నాను."

అపీ తాత ఆవిడని తిట్టుకుంటూనే పన్నెండింటికి వెళ్ళాడు. మర్నాడు విధవరాలు లెటీ వెళ్ళింది, ఆవిడ తిట్లు ఇంకా పెద్దవి. వారం తిరిగేసరికి డ్రీకా అత్త వంటింటి బెంచీ మీద పదకొండు మంది. ఎండుచేపా బంగాళాదుంపా వేసిన పులుసు జుర్రుకుంటూ, నోటినిండా రొట్టెతో, ఈ ఆడదానికి పూర్తిగా మతిపోయిందని ఒకరితో ఒకరు చెప్పుకునేవాళ్ళు. తలొంచుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. పిచ్చిదాని ముందు సిగ్గేముంది?

నొల్లీ చెయ్యి కూడా కొలిచింది. ఇరుక్కుంది. "నువ్వు ఎదిగినవాడివి. పో, కట్టెలు కొట్టు" అంది. కొలతకొచ్చిన మగవాళ్ళంతా అలా పనిలో పడ్డారు. కొందరు పాతిక మైళ్ళవతలి రేవుకి పోయి చేపలు తెచ్చారు, కొందరు పొలాల్లో దుంపలు తవ్విపెట్టి కూలీ కింద దుంపలే తెచ్చారు. సాంపీ అయితే ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది రోజూ కొలత తప్పసాగాడు.

"ఏంటి సాంపీ, ఇవాళా పన్నెండు రొట్టెలు ఎనభై ఏడే వచ్చాయా?"

"ఏం చెయ్యను అత్తా, పొంగట్లేదు. నువ్వెలాగూ వెనక్కి వేస్తావు. తీసుకుపో."

హెస్టర్‌కి తల కొట్టేసినట్టుంది. "అమ్మ ఊరందరి చేతులూ పిసుకుతోంది. నలుగురూ నవ్వుతున్నారు. నువ్వైనా చెప్పు" అంది మొగుడితో. చెప్పడానికే నొల్లీ ఒక మధ్యాహ్నం గొడ్డలి పక్కన పెట్టి అత్తగారి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. అందరూ తినేసి వెళ్ళిపోయారు. డ్రీకా అత్త గిన్నె అడుగు గీరి, గీరిందంతా ఒక డబ్బాలో వేసి, లెటీకి సాయంత్రానికని మూత పెట్టింది. తను మిగిలిన రొట్టె అంచొకటి ఎర్రటి రూయిబోస్ ఆకుల టీలో ముంచుకుని నిలబడే నమిలింది. అంతే, భోజనం అయిపోయింది. చెయ్యెత్తి గిన్నెలు గూట్లో పెడుతుంటే జాకెట్టు చెయ్యి భుజం దాకా జారి, ఎండుపుల్లలాంటి చెయ్యి బయటపడింది.

నొల్లీ చెప్పాల్సింది మర్చిపోయి వెనక్కొచ్చాడు. నాలుగు కట్టెలు కొట్టాక అతనికి ఇంకోటి తట్టింది. ఆవిడ ఇంతవరకూ కిరాణా కొట్టు షావుకారు చెయ్యి కొలవలేదు. పాస్టరు గారి చెయ్యీ కొలవలేదు. అపీ తాత పొగగొట్టంలోంచి పొగ రావడం మానేసిన రెండో రోజే అపీ తాత గుమ్మంలోకి వెళ్ళింది. లెటీ ఇంటికీ అంతే. ఇంకో తొమ్మిది ఇళ్ళకీ అంతే. ఆవిడ కొలవాల్సిన వాళ్ళని కొలిచింది. మిగతావాళ్ళని అనుమానం రాకుండా కొలిచింది.

మర్నాడు పన్నెండున్నరకి పదకొండు చెంచాలూ చప్పుడు చేస్తుండగా నొల్లీ లోపలికొచ్చాడు.

"అత్తా, గేజి ఒకసారి ఇయ్యి."

"ఎందుకు?"

"బెంచీ కాలు ఊగుతోంది. కొలిచి చెక్క పెడతాను."

కొలతనేసరికి డ్రీకా అత్త ఇంకేం ఆలోచించలేదు. తాడు తీసి ఇచ్చేసింది. నొల్లీ గేజి అందుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, జాకెట్టు పైకి తోసి సందులో పెట్టాడు. అది ఎక్కడా ఆగలేదు.

చెంచాలు ఆగాయి.

"ఎంతొచ్చింది?" అన్నాడు అపీ తాత.

"డెబ్బై ఒకటి."

అపీ తాత గడ్డం గోక్కున్నాడు. "కొత్త చట్టం ప్రకారం చూసినా చిన్నదే."

డ్రీకా అత్త చెయ్యి లాక్కుంది. "ఆ గేజి ముప్ఫయ్యేళ్ళ నాటిది. అరిగిపోయింది. సందు పెద్దదయ్యుంటుంది."

"అవునా?" అపీ తాత లేచి నిలబడ్డాడు. "అయితే నా చెయ్యీ బాగానే ఉన్నట్టు. లెటీ, నీదీ బాగానే ఉన్నట్టే. రేపట్నుంచి ఎవరిళ్ళలో వాళ్ళుందాం."

లెటీ కూడా లేచింది. మిగతావాళ్ళు బెంచీ వెనక్కి జరుపుకున్నారు. డ్రీకా అత్త వాళ్ళ పదకొండు మంది ముఖాలూ చూసింది, గేజి చూసింది. గరిటె తిరిగి చేతిలోకి తీసుకుంది. గిన్నె వైపు తిరిగి గొణిగింది.

"గేజి సరిగ్గానే ఉంది. కూర్చోండి."

"సరిగ్గా ఉంటే మరి నువ్వు వెనక్కే కదా అత్తా" అన్నాడు నొల్లీ.

"నేనిక్కడ వడ్డించాలి."

"హెస్టర్ వడ్డిస్తుంది. నువ్వు పెరిగేదాకా రోజుకో ఇల్లు. ఇవాళ మా ఇల్లు, రేపు సాంపీ, ఎల్లుండి పాస్టరు గారు. ఫ్యాక్టరీ రూలు."

ఫ్యాక్టరీ రూలన్నాక ఆవిడ ఏం చెయ్యగలదు? వెళ్ళింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కడుపునిండా తింది. తిన్న ప్రతి ఇంటి వంటనీ పక్కింట్లో విమర్శించింది. పాస్టరమ్మ పులుసులో ఉప్పు ప్రార్థించినా దొరకదంది. సాంపీ పెళ్ళాం చేప ముళ్ళు తీయదు, ముళ్ళకి చేప తీస్తుందంది. ఆ మాటలు చేరాల్సిన చెవులకి సాయంత్రం లోపే చేరేవి. పట్టుదలలు పెరిగాయి. ఉన్న రెండు దుంపలతోనే ఆడవాళ్ళు కొత్త కొత్త కూరలు కనిపెట్టారు. ముగ్గురు ఒకరితో ఒకరు మాటలు మానేశారు. ఊళ్ళో అంత రుచిగా వండుకున్న ఏడాది మళ్ళీ రాలేదంటారు, తినడానికి ఏమీ లేని ఏడాదే అది.

నొల్లీ ఇంట్లో ఆవిడ వంతు బుధవారం. గుమ్మడికాయ వేసి దాలిచినచెక్కతో చేసిన కూర, పక్కన వేయించిన చేప. హెస్టర్ పొద్దున్నించీ పొయ్యి దగ్గరే ఉంది. తల్లి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఉండబట్టలేక అడిగింది.

"ఎలా ఉందమ్మా?"

డ్రీకా అత్త కళ్ళు మూసుకుని నిదానంగా నమిలింది.

"గుమ్మడికాయ ఉడకలేదు. చేప మాడింది. దాలిచినచెక్క మీ అత్తగారింటి పద్ధతనుకుంటా."

హెస్టర్ ముఖం కందిపోయింది. నొల్లీ నవ్వు బయటపడకుండా తలొంచుకుని నీళ్ళ గ్లాసు ఎత్తాడు. గ్లాసు దించేసరికి డ్రీకా అత్త పళ్ళెం ఖాళీ అయింది. నింపితే మళ్ళీ ఖాళీ అయింది.

"అస్సలు ఉడకలేదు" అంటూ మూడోసారి పళ్ళెం ముందుకి జరిపింది.